చుక్కల దుప్పి ఫొటో: కొమ్ములు పెంచి ఇమ్మంటున్నాడు బామ్మర్ది, మీరైతే ఏం చేస్తారు?

కావలి_స్టూడియో

అందరికీ నమస్కారం. ఒక పని విషయంలో మీ మాట కావాలి, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా బామ్మర్ది టెక్సాస్‌లో ఉంటాడు. ఆఫీసు స్నేహితులతో వేటకి పోయి మొన్న ఒక చుక్కల దుప్పిని కొట్టాడు. అక్కడ అది చట్టప్రకారమే. లైసెన్సు ఉంది, రాంచ్ (పశువులు మేపే పెద్ద ప్రైవేటు భూమి) ఓనరుకి డబ్బు కట్టారు, మాంసం మొత్తం కోయించి నలుగురూ పంచుకున్నారు. ఫొటోలు నాకు పంపి, "బావా, నీ చేత్తో బాగు చేసి 20 ఇంటు 30 ప్రింటు వేయించి మన ఇంట్లో హాల్లో పెట్టు, నాన్న చూసుకుంటాడు" అన్నాడు. ఇంతవరకూ బానే ఉంది. అడిగిన మార్పులు చూస్తే మాత్రం చెయ్యి రావడం లేదు. రక్తం తీసేయాలంట. నాలుక బయటికి వేలాడుతోంది, దాన్ని లోపలికి పెట్టాలంట. వెనక మొక్కజొన్నలు చల్లే ఫీడరు డబ్బా, దాని వెనక ఎత్తు కంచె కనపడుతున్నాయి, రెండూ తీసేసి కొండలు పెట్టాలంట. ఆఖరున కొమ్ములు. టేపు పెడితే 27 అంగుళాలు వచ్చిందంట, అక్కడ 30 దాటితేనే పెద్ద దుప్పి అని లెక్క, "కొంచెం సాగదియ్యి బావా, ఎవరికి తెలుస్తుంది" అంటాడు.

ఆల్బమ్ పనిలో పెళ్ళికూతురి ముఖం మీద మొటిమ తీస్తాం, తాగి పడుకున్న చిన్నాన్నని ఫ్రేములోంచి తీస్తాం. అది ఎవరికీ నష్టం లేదు. ఇది అలా కాదని నా మనసు చెబుతోంది. ఒక ప్రాణం పోయింది, దాన్ని ఉన్నంత చూపించాలి, లేనిది అతికించకూడదు అనుకుంటున్నా. కొమ్ములు ముట్టుకోనని చెప్పేశా. మిగతావాటిలో గీత ఎక్కడ గీయాలి?

పెన్నా_ఒడ్డు

అన్నా ముందు ఒక సందేహం. చుక్కల దుప్పి మన నల్లమలలో, పెంచలకోన అడవిలో తిరిగే జంతువు కదా, అది టెక్సాస్‌లో ఎట్టా ఉంది? మీ బామ్మర్ది ఇక్కడికొచ్చి కొట్టి అక్కడ అని చెప్పడం లేదు కదా? తప్పుగా అనుకోవద్దు, మొదట చూసిన ఎవరికైనా వచ్చే అనుమానమే ఇది.

ఆస్టిన్_ఒంగోలోడు

ఆ అనుమానం నేను తీరుస్తా. నాది ఒంగోలు పక్కన టంగుటూరు, టెక్సాస్‌లో చాలా కాలంగా ఉంటున్నా, నేనూ వేటకు పోతాను.

ఇక్కడివాళ్ళు యాక్సిస్ డీర్ అనే జంతువు మన చుక్కల దుప్పే. 1932 ప్రాంతంలో టెక్సాస్‌కి తెచ్చి వదిలారు, అంతకుముందే 1860ల చివర్లో హవాయి దీవులకి చేరింది. ఇక్కడ దాన్ని ఆపే పులి లేదు, రేచుకుక్కల మంద లేదు. హిల్ కంట్రీ అనే సున్నపురాయి గుట్టల ప్రాంతం దానికి బాగా సరిపోయింది, మన మెట్ట భూముల్లాగే ఎండు గడ్డి, తుప్పలు. కంచెలు దాటి బయట మందలుగా పెరిగిపోయి, ఇక్కడి సొంత జాతి అయిన తెల్లతోక జింక మేతకి పోటీ వస్తోంది. అందుకే ప్రభుత్వం దీన్ని బయటినుంచి వచ్చిన జంతువుగా చూస్తుంది. తెల్లతోక జింకకైతే సీజన్ ఉంటుంది, ఒకరు ఎన్ని కొట్టాలో లెక్క ఉంటుంది, లైసెన్సుతో వచ్చిన ట్యాగు చించి జంతువుకి కట్టాలి. చుక్కల దుప్పికి సీజనూ లేదు, ట్యాగూ లేదు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడుగునా కొట్టొచ్చు. టెక్సాస్‌లో తొంభై శాతం పైగా ప్రైవేటు భూమే కాబట్టి ఈ రాంచ్ ఫీజుల వ్యవహారం పెద్దదైంది.

కాబట్టి కావలి అన్నా, మీ బామ్మర్ది చేసింది ఇక్కడ నేరం కాదు. కానీ ఆ 27ని 30 చేయడం మాత్రం వేటగాళ్ళలో సిగ్గుచేటు పని. ఇక్కడ బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అని 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ వాళ్ళు పెట్టింది ఉంది, ఉత్తర అమెరికా సొంత జంతువుల కొమ్ముల కొలతలు రికార్డు చేస్తుంది. చుక్కల దుప్పి అందులోకి రాదు, అయినా వాళ్ళ పద్ధతి చూడండి. కొట్టినరోజు టేపు పెట్టి రాసుకుంటే ఒప్పుకోరు. 60 రోజులు కొమ్ముని ఆరనివ్వాలి, పచ్చి కొమ్ము ఎండితే కొంచెం తగ్గుతుంది కాబట్టి. జంతువు పారిపోలేని ఎత్తు కంచెలో కొట్టినదాన్ని అసలు తీసుకోరు. జంతువుకి తప్పించుకునే అవకాశం ఉండాలి, అదే వాళ్ళ మొదటి నియమం. అంత పట్టుదలగా కొలతలు చూసేచోట ఫొటోషాప్‌లో మూడంగుళాలు కలపడం అంటే, కళ్ళముందు మోసం.

నా దృష్టిలో కొమ్ముల కంటే పెద్ద అబద్ధం ఆ కంచె తీసేయడం. కొమ్ము సాగదీస్తే ఒక అంకె మారుతుంది. ఫీడరూ కంచే తీసి కొండలు పెడితే కథే మారిపోతుంది. ఫీడరు దగ్గర మంచె మీద కూర్చుని కొట్టినదాన్ని, కొండల్లో నడిచి వెతికి కొట్టినట్టు చూపిస్తున్నాడు. ఫీడరు దగ్గర కొట్టడం ఇక్కడ చట్టానికి విరుద్ధం కాదు, చాలామంది చేసేదే. చేసినప్పుడు దాచడం దేనికి?

దోర్నాల_ఘాట్

నేను వేరే మాట చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు.

మాది దోర్నాల. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం మా గడప దాటితే మొదలవుతుంది. ఎండాకాలం నీళ్ళ కోసం దుప్పులు రోడ్డు దాకా వస్తాయి. ఉచ్చులు, పొలం గట్ల మీద కరెంటు తీగలు, నాటు తుపాకులు, ఇవన్నీ చూసినవాణ్ణి. చెంచు పెద్దలు, కుర్రాళ్ళు వాచర్లుగా రాత్రింబవళ్ళు అడవిలో తిరిగి ఆ ఉచ్చులు ఏరి పారేస్తుంటారు. అక్కడ ఒక్క దుప్పి ఎంత మంది కష్టంతో బతుకుతోందో వాళ్ళకి తెలుసు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, 1991 సవరణ తర్వాత సరదా వేట అనే మాటకే తావు లేదు. మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువుని, ఉదాహరణకి మన రాష్ట్ర జంతువు కృష్ణజింకని, చంపితే మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు. చంపడమే కాదు, అడవిలో తనంతట తాను రాలిన కొమ్ము ఏరుకుని ఇంట్లో పెట్టుకున్నా కేసే, అది ప్రభుత్వ ఆస్తి కిందికి వస్తుంది.

ఇప్పుడు ఈ ఫొటో సంగతి. మనవాడి ముఖం, చేతిలో తుపాకి, ముందు చచ్చిన చుక్కల దుప్పి, వెనక తుప్పలు. కంచె, ఫీడరు కూడా తీసేస్తే ఇంక అది టెక్సాస్ అని చెప్పే గుర్తు ఒక్కటి మిగలదు. ఉదయగిరి కొండల్లో తీసిందని ఎవడైనా అంటే కాదనడానికి ఏముంది? వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు ఫైలులోంచి పోతాయి. నాలుగు గ్రూపులు తిరిగేసరికి "మనూళ్ళో దుప్పిని కొట్టారు" అవుతుంది, పోలీసులో, అటవీ శాఖ వాళ్ళో మీ మామ గారి తలుపు కొడతారు. అది ఒక నష్టం. ఇంకో నష్టం, అది చూసి మా వైపు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒకడు నాటు తుపాకి పట్టుకుని అలాంటి ఫొటో దిగాలనుకుంటాడు. నాకు రెండోదే ఎక్కువ భయం.

నా మాట ఒకటే. ఇక్కడ ఆ ఫొటో పెట్టొద్దు, ఎంత బాగా తీసినా సరే.

ఉదయగిరి_మాస్టారు

దోర్నాల తమ్ముడి బాధ సరైనదే. నేను పాత సంగతులు కొన్ని చెబుతాను, ఈ చర్చకి పనికొస్తాయి.

జమీందారీ కాలం షికారు ఫొటోలు మా చిన్నప్పుడు పెద్దిళ్ళలో వరసగా గోడల మీద ఉండేవి. పులి మీద కాలు మోపి, తుపాకి నేలకి ఆనించి, మీసం మీద చెయ్యి. చుట్టూ జవాన్లు, వాళ్ళ ముఖాలు ఎవరికీ పట్టవు. పులిని వెతికి తోలినవాళ్ళు వాళ్ళే, ఫొటోలో పేరు లేనిది కూడా వాళ్ళకే. ఆ రోజుల్లో కూడా కొలతల్లో మోసం ఉండేది. పులి ముక్కు దగ్గర ఒక మేకు, తోక చివర ఒక మేకు కొట్టి మధ్య దూరం కొలిస్తే నిజమైన పొడవు. టేపుని ఒంటి వంపుల మీదుగా పాకించి కొలిస్తే కొన్ని అంగుళాలు ఎక్కువ వస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా పది అడుగుల పులి అని రాసుకున్నవాళ్ళు ఎందరో. కాబట్టి కావలి బాబుని ఆయన బామ్మర్ది అడిగింది కొత్తదేం కాదు, పనిముట్టు మారింది అంతే.

అదే కాలంలో ఛాంపియన్ అని ఒక ఆంగ్లేయ అటవీ అధికారి, ఇప్పటి ఉత్తరాఖండ్, యూపీ అడవుల్లో పనిచేసినాయన, 1920లలోనే తుపాకి పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నాడు. పులి నడిచే దారికి అడ్డంగా తీగ కట్టి, దాని కాలు తగిలితే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేలా ఏర్పాటు చేసి రాత్రిపూట పులుల్ని తీశాడు. మీలో కెమెరాలు ఉన్నవాళ్ళు ఆ దారి ఆలోచించండి. చంపొద్దని టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పలేను, వాళ్ళ చట్టం వాళ్ళది. మన గోడ మీద ఏం ఉండాలో మాత్రం మనం చెప్పొచ్చు.

నెల్లూరు_పాత_లెన్స్

ట్రంకు రోడ్డులో స్టూడియోలో రీలు కాలం నుంచి పనిచేసినవాణ్ణి. వేట గురించి నాకు తెలియదు కానీ ప్రాణం పోయిన ఒంటిని ఫొటో తీయడం తెలుసు. వెనకటికి ఎవరింట్లో పెద్దలు పోయినా ముందు స్టూడియోకి కబురొచ్చేది. బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగని ముసలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ కొడుకులు కోడళ్ళు నిలబడితే తీసేవాళ్ళం. మేం పోయేలోపు ఇంట్లో ఆడవాళ్ళు ముఖం తుడిచి, దవడ కట్టి, కళ్ళు మూసి, చీర సర్దేవాళ్ళు. అది అబద్ధమని ఎవరూ అనలేదు. పోయినమనిషికి ఇచ్చే మర్యాద అది. తర్వాత ఎవరైనా వచ్చి "కళ్ళు తెరిచినట్టు గీసి ఇవ్వండి" అంటే మాత్రం మా ఓనరు ఒప్పుకునేవాడు కాదు.

దుప్పికీ అంతే అనుకుంటాను. నేల మీద చేత్తో చేసేది మర్యాద. కంప్యూటర్లో చేసేది వేషం.

గూడూరు_క్లిక్స్

లెన్స్ అన్నా, వినడానికి బాగుంది కానీ నాకు లెక్క కుదరడం లేదు. నీళ్ళతో రక్తం కడిగినా, క్లోన్ టూల్‌తో (పక్క భాగం కాపీ చేసి మరక మీద అద్దే పనిముట్టు) తీసినా చూసేవాడికి కనపడే ఫొటో ఒకటే కదా? ఒకటి మర్యాద, ఇంకోటి మోసం ఎట్టా అయ్యాయి?

నెల్లూరు_పాత_లెన్స్

కడిగినప్పుడు లెన్స్ ముందు ఉన్నదే ఫొటోలో ఉంటుంది తమ్ముడూ. ఆ దుప్పి ఆ నిమిషంలో నిజంగా అలాగే ఉంది. తీసినవాడు వంగి, ముట్టుకుని, తుడిచాడు. ముక్కు దగ్గర రెండు చుక్కలు క్లోన్ చేస్తే నేను పెద్దగా తప్పు పట్టను, ముఖం మీద దుమ్ము తీసినట్టే. నాలుక సంగతి వేరు. నాలుక లోపలికి పెట్టాలంటే మూసిన నోరు నువ్వు గీయాలి, ఆ నోరు ఎప్పుడూ లేదు. ఉన్న మరక తీయడం దగ్గర ఆగొచ్చు, లేని అవయవం గీయడం మొదలుపెడితే ఇంక ఆగేదెక్కడ?

గూడూరు_క్లిక్స్

ఇప్పుడు అర్థమైంది. ఇంకో కేసు గుర్తొచ్చింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ వన్యప్రాణి ఫొటో పోటీలో 2017లో ఒక బహుమతి ఫొటో, బ్రెజిల్‌లో రాత్రిపూట పురుగుల వెలుగుతో మెరిసే చెదపుట్ట దగ్గరికి చీమలుతినే జంతువు వస్తున్నట్టు. అందులో జంతువు, చచ్చినదాని తోలులో కూరి నిలబెట్టిన బొమ్మ అని 2018లో నిపుణులు తేల్చారు, తీసినాయన ఒప్పుకోకపోయినా మ్యూజియం బహుమతి వెనక్కి తీసుకుంది. ఆ ఫొటోలో వెలుగు, ఆకాశం, పుట్ట అన్నీ నిజమే. ఒక్కటి అబద్ధమయ్యేసరికి మొత్తం పోయింది.

ఆస్టిన్_ఒంగోలోడు

అసలు ఇవన్నీ రాకుండా ఉండాలంటే అక్కడ పొలంలోనే పది నిమిషాలు శ్రద్ధ పెట్టాలి. ఇక్కడ నాకు నేర్పించిన పెద్దాయన చెప్పినవి రాస్తాను, బామ్మర్దికి పంపండి.

కొట్టిన వెంటనే, పొట్ట చీల్చకముందే ఫొటో తీసుకోవాలి. ఆలస్యమైతే ఒళ్ళు బిగుసుకుపోతుంది, మెడ తిప్పలేవు, కళ్ళు మసకబారతాయి. అలాగని గంటసేపు ఫొటోలతో కూర్చుంటే టెక్సాస్ ఎండకి మాంసం పాడవుతుంది, చంపిన జంతువు మాంసాన్ని ఫొటో కోసం పాడు చేయడం కంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు. నీళ్ళ సీసా, గుడ్డ ఎప్పుడూ సంచిలో ఉండాలి. ముక్కు, నోరు తుడిచి, నాలుక లోపలికి తోసి దవడ మూయాలి. గాయం ఉన్న వైపు నేలకి ఉండేలా తిప్పాలి. కాళ్ళు ఒంటి కిందికి మడిస్తే పడుకున్నట్టు కుదురుగా ఉంటుంది. లారీలో వేసిన తర్వాత, గ్యారేజీలో వేలాడదీసిన తర్వాత తీసిన ఫొటోలు చూడటానికే ఇబ్బంది. మీద ఎక్కి కూర్చోవడం, కొమ్ముల మీద తుపాకి పెట్టడం వద్దు. తుపాకిలో తూటా తీసేసి, గొట్టం ఎవరివైపూ లేకుండా పక్కన పెట్టాలి, అసలు ఫ్రేములో లేకపోయినా నష్టం లేదు.

కెమెరా దుప్పి కంటి ఎత్తుకి దించాలి, అంటే తీసేవాడు బోర్లా పడుకోవాలి. కొమ్ముల వెనక చెట్టు కొమ్మలుంటే కలిసిపోతాయి, ఆకాశం వచ్చేలా చూసుకోవాలి. టోపీ నీడలో ముఖం నల్లగా వస్తుంది, పగలైనా చిన్న ఫ్లాష్ వేయాలి లేదా టోపీ తీసేయాలి.

ఇప్పుడు అందరూ చేసే మోసం. ఫొటోషాప్ అక్కర్లేకుండానే దుప్పిని పెద్దది చేయొచ్చు. ఫోను మామూలు లెన్స్ ఎక్కువ వెడల్పు దృశ్యం పడుతుంది, అందుకే దగ్గరగా పోయి తీస్తాం. లెన్స్‌కి దుప్పి తల 5 అడుగుల్లో, మనిషి 10 అడుగుల్లో ఉంటే, తలతో పోలిస్తే మనిషి సగం సైజులో కనపడతాడు. అందుకే చాలామంది చేతులు చాచి కొమ్ములు ముందుకి పెట్టి, తాము వెనక్కి వాలి కూర్చుంటారు. చేపలు పట్టేవాళ్ళు చేప ముందుకి చాచేది కూడా ఇందుకే. మనిషి దుప్పి భుజాన్ని ఆనుకుని కూర్చుని, తీసేవాడు 12, 15 అడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీస్తే ఎవరి సైజు వాళ్ళకి వస్తుంది.

పెన్నా_ఒడ్డు

ఇది నాకు తెలియదు. కావలి అన్నా, మీ ఫొటోలో ఆయన ఎక్కడ కూర్చున్నాడు?

కావలి_స్టూడియో

చేతులు చాచి, బాగా వెనక. ఇప్పుడు చూస్తే అర్థమవుతోంది. అంటే ఆ ఫొటోలో కొమ్ములు అప్పటికే పెద్దగా పడ్డాయి, దానిమీద ఇంకా సాగదీయమన్నాడు.

నిన్న రాత్రి ఫోన్లో మాట్లాడాను. మొదట కోపం వచ్చింది వాడికి, "నీ పని నువ్వు చెయ్యి బావా, నాకు నీతులు చెప్పొద్దు" అన్నాడు. దోర్నాల అన్న రాసింది చదివి వినిపించాను. మామయ్య తలుపు కొడతారు అన్నచోట ఆగిపోయాడు, అది వాడికి తట్టలేదు. తర్వాత మిగతా ఫొటోలన్నీ పంపించాడు. అందులో ఒకటి వాడి స్నేహితుడు అడక్కుండా తీసింది. వీడు దుప్పి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెడ మీద చెయ్యి వేసి చూస్తున్నాడు, కెమెరా వైపు చూడట్లేదు. తుపాకి లేదు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడి చుక్కలు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. కొమ్ములు ఉన్నంతే ఉన్నాయి. వెనక కంచె మసగ్గా ఉంది, ఉండనివ్వమన్నాను. ముక్కు దగ్గర రక్తం కొంచెం ఉంది, దాన్నీ ఉంచేస్తున్నా.

ఫొటో మీదే, కింద అంచులో, తెలుగులో ఇలా రాస్తున్నా: "చుక్కల దుప్పి, టెక్సాస్, అమెరికా. కంచె ఉన్న రాంచ్‌లో, ఫీడరు దగ్గర, లైసెన్సుతో. కొమ్ము 27 అంగుళాలు." నెల, సంవత్సరం కూడా. ఫైలులో వివరాలు పోయినా బొమ్మ మీద రాత పోదు.

దోర్నాల_ఘాట్

రాత మంచి పని. వాడు కంచె మాట రాయనిచ్చాడంటే నాకు గౌరవం కలిగింది. అయినా నా మాట మారదు, కావలిలో హాల్లో వద్దు. రాత కింద ఉంటే మడిచి, కత్తిరించి పంపేవాళ్ళు ఉంటారు. ఫొటో వాడి దగ్గరే, ఆ దేశంలోనే ఉంటే మంచిది.

ఆస్టిన్_ఒంగోలోడు

కత్తిరించే భయం ఉంటే రాతని అంచులో కాకుండా దుప్పి ఒంటి కింద గడ్డి మీదికి వచ్చేలా వేయండి. అది కత్తిరిస్తే దుప్పి కాళ్ళు పోతాయి. ఇంకో మాట, ఆ కొమ్ములు ఇండియాకి తెస్తానంటే మాత్రం ఒద్దనండి. కస్టమ్స్ వాళ్ళనీ అటవీ శాఖనీ రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోకుండా సూట్‌కేసులో పెట్టుకుని దిగితే ఎయిర్‌పోర్టులోనే టెన్షన్ మొదలవుతుంది.

ఉదయగిరి_మాస్టారు

ఇంట్లో మీ అత్తగారిని అడిగారా బాబూ? హాలు ఆవిడది కూడా కదా.

కావలి_స్టూడియో

అడిగాం మాస్టారూ. ఫొటో చాలాసేపు చూసింది. "పిల్లోడు బాగున్నాడు, ఆ మూగజీవాన్ని మాత్రం పూజగదికి ఎదురుగా పెట్టొద్దు" అంది. మామయ్య ఏమీ అనలేదు, తర్వాత నా ఫోన్లో దాన్ని మళ్ళీ తీయించుకుని చూశాడు. కాబట్టి పెద్ద ప్రింటు లేదు. 8 ఇంటు 12 ఒకటి వేసి మామయ్య బీరువాలో పెడతాను, పెద్ద ఫైలు బామ్మర్దికి పంపిస్తా, వాడింట్లో వాడు పెట్టుకుంటాడు. రాత గడ్డి మీదికి జరిపాను.

ప్రింటుకి మ్యాట్ (మెరుపు లేని) పేపరు వేయనా, లస్టర్ (కొద్ది మెరుపుది) వేయనా? చుక్కలు తెల్లగా ఉన్నాయి, గ్లాసీ అయితే మెరుపులో పోతాయేమోనని.

నెల్లూరు_పాత_లెన్స్

లస్టర్ వెయ్యి. మ్యాట్‌లో ఆ ఎరుపు గోధుమ రంగు చప్పబడుతుంది. తెలుపు కొంచెం తగ్గించి ముందు ఒక టెస్ట్ ప్రింటు తీసి పగటి వెలుతుర్లో చూడు.